ఫ్లాష్ ఆపండి... మంటే బొమ్మ గీస్తుంది!

దీపావళి వేళ ఆసిఫాబాద్ ప్రాంతంలోని గోండుగూడేల్లో దండారి సంబరం. నెమలీకల తలపాగాలతో గుస్సాడీలు అడుగులేస్తుంటే కెమెరా ఉన్నవాళ్ల చేతులు ఊరుకోవు. మార్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ తెచ్చిన నాట్యమది మరి! తీరా ఫొటో చూసుకుంటే... సున్నం కొట్టినట్టు ముఖాలు, వెనక చిమ్మచీకటి. తప్పు ఫ్లాష్‌ది.

దాన్ని ఆపేయండి. కెమెరాను స్టాండుకు బిగించి, షట్టర్ అర సెకను తెరిచి ఉండేలా పెట్టండి. నెగడు వెలుగే బొమ్మ గీస్తుంది. కదలకుండా నిల్చున్న పెద్దాయన ముఖం స్పష్టంగా వస్తుంది. గిరగిరా తిరిగే నెమలీకలు వెలుగుచారలై సాగుతాయి. బొమ్మ మరీ తెల్లబడితే సమయం తగ్గించండి, నల్లబడితే పెంచండి.

తెల్లవారాక మరో ప్రయోగం. నిజానికి నెమలీకలో నీలిరంగు పదార్థమేదీ ఉండదు. కంటికి కనిపించనంత సన్నని అమరికపై వెలుగు పడితేనే ఆ నీలం! కోణం మారితే ఛాయ మారుతుంది. అందుకే ఒకేచోట నిలబడకుండా నాలుగడుగులు పక్కకు జరిగి తీయండి.

ఒక్కమాట... గుస్సాడీ అంటే వాళ్లకు వేషం కాదు, దైవం. గూడెం పటేల్‌ని అడిగాకే కెమెరా బయటికి తీయండి. మళ్లీ ఏడు వెళ్లేటప్పుడు ఓ ప్రింటు పట్టుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టండి.