ఎత్తు మీద సైకిల్: కూర్చొని తొక్కాలా, లేచి తొక్కాలా?

చదును రోడ్డు మీద సైకిల్ తొక్కేవారి శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చుకుని ముందుకు పోవడానికే ఖర్చవుతుంది. ఎత్తు మొదలయ్యాక వేగం గంటకు పది కిలోమీటర్ల లోపుకు పడిపోతుంది గనుక గాలి నిరోధం దాదాపు లెక్కలోకి రాకుండా పోయి, మనిషి బరువునూ సైకిల్ బరువునూ కలిపి పైకి చేర్చడమే కాళ్లకు మిగిలే పని అవుతుంది. ఈ పని సీటు మీద కూర్చునే చేయాలా, లేక లేచి పెడళ్ల మీద నిలబడి చేయాలా అన్న ప్రశ్న సైకిల్ తొక్కే ప్రతివారికీ ఏదో ఒక మిట్ట దగ్గర ఎదురయ్యేదే. నిలబడి తొక్కడం బలానికి గుర్తని కొందరూ, ఓపిక అయిపోయినవారి ఆఖరి ప్రయత్నమని మరికొందరూ అనుకుంటారు. శరీరం పనిచేసే తీరునూ గేర్ల లెక్కనూ కలిపి పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలూ సరికావని, కూర్చోవడమా లేవడమా అన్నదాన్ని మనిషి పట్టుదల కంటే ముందుగా సైకిల్‌కున్న గేరే నిర్ణయిస్తుందని తెలుస్తుంది.

రోడ్డు ఎంత నిటారుగా ఉందో చెప్పడానికి శాతాన్ని కొలతగా వాడతారు. వంద మీటర్లు ముందుకు వెళ్లేసరికి ఎనిమిది మీటర్లు పైకి చేరితే అది ఎనిమిది శాతం ఎత్తు. కంటికి పెద్దగా కనిపించని ఈ ఎత్తు కాళ్లకు మాత్రం బాగా తెలుస్తుంది. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలున్నప్పుడు, ఎనిమిది శాతం ఎత్తు మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో సాగాలంటే బరువును పైకి మోయడానికే దాదాపు 175 వాట్ల శక్తి కావాలి. అంటే రెండు సీలింగ్ ఫ్యాన్లను తిప్పడానికి చాలినంత శక్తిని కాళ్లు ఆగకుండా ఇస్తూ ఉండాలన్నమాట. కూర్చున్నా నిలబడినా ఈ మొత్తంలో మార్పు ఉండదు. ఆ శక్తిని పుట్టించడానికి శరీరం లోపల పెట్టే ఖర్చు మాత్రం మారుతుంది.

సీటు మీద కూర్చున్నప్పుడు నడుము పైభాగపు బరువును ఎక్కువగా సీటే మోస్తుంది, చేతులు హ్యాండిల్‌ను ఊరికే పట్టుకుని ఉంటే చాలు, తొడ కండరాలూ పిరుదుల కండరాలూ పూర్తిగా పెడల్ తిప్పే పనిలోనే ఉంటాయి. లేచి నిలబడగానే ఈ ఏర్పాటంతా మారిపోతుంది. సీటు మోస్తున్న బరువు కాళ్ల మీదికీ చేతుల మీదికీ వస్తుంది, శరీరం ఊగిపోకుండా భుజాలు, వీపు, నడుము బిగపట్టి ఉండాలి, చేతులు హ్యాండిల్‌ను ఒకసారి ఇటూ ఒకసారి అటూ లాగుతూ ఉండాలి. పనిచేసే కండరాలు పెరిగితే వాటికి అందాల్సిన ఆక్సిజనూ పెరుగుతుంది గనుక, అదే వేగంతో వెళుతున్నా నిలబడిన మనిషి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది, ఆయాసం ముందుగా మొదలవుతుంది.

అయితే ఈ అదనపు ఖర్చు అన్ని ఎత్తుల మీదా ఒకేలా ఉండదు. నాలుగు శాతం వంటి తేలికపాటి ఎత్తు మీద నిలబడి తొక్కినప్పుడు ఆక్సిజన్ వాడకం స్పష్టంగా పెరుగుతుందని, పది శాతం వంటి నిటారు ఎత్తు మీద, అందులోనూ గట్టిగా శ్రమిస్తున్నప్పుడు, ఆ తేడా చాలావరకు మాసిపోతుందని శిక్షణ పొందిన సైక్లిస్టులపై జరిగిన ప్రయోగాలు చూపించాయి. పది శాతం ఎత్తు మీద జరిపి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, శ్రమ స్థాయి గరిష్ఠ ఏరోబిక్ శక్తిలో దాదాపు 94 శాతాన్ని దాటాక కూర్చోవడం కంటే నిలబడటమే మేలని తేలింది. గరిష్ఠ ఏరోబిక్ శక్తి అంటే ఊపిరితిత్తులూ గుండే కలిసి కండరాలకు ఆక్సిజన్‌ను అందించగల అంతిమ హద్దు దగ్గర మనిషి చూపగలిగే శక్తి. ఆ హద్దుకు అంత దగ్గరగా మనిషి కొద్ది నిమిషాలకు మించి ఉండలేడు. అరగంట, గంట సాగే ఘాట్ రోడ్డును ఆ స్థాయి శ్రమతో ఎక్కడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి, పొడవైన ఎత్తు మీద ఎక్కువసేపు కూర్చుని, అవసరమైన చోట కొద్దిసేపు లేవడమన్నది ఈ ప్రయోగాల నుంచి సహజంగా వచ్చే పద్ధతి.

ఆ అవసరం ఎప్పుడు వస్తుందో తెలియాలంటే గేర్ల లెక్కలోకి వెళ్లాలి. పెడళ్ల దగ్గరున్న పళ్ల చక్రం మీదుగా చైన్ వెనక చక్రం దగ్గరి ఫ్రీవీల్‌ను తిప్పుతుంది. ముందున్న పళ్ల సంఖ్యను వెనకున్న పళ్ల సంఖ్యతో భాగిస్తే, పెడల్ ఒక్క చుట్టు తిరిగేసరికి వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. ఊళ్లలో తరతరాలుగా కనిపించే నల్లటి పెద్ద సైకిల్‌కు గేర్లు మార్చే వీలుండదు. దానికి ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్నాయనుకుంటే పెడల్ ఒక్క చుట్టుకు సైకిల్ దాదాపు 5.4 మీటర్లు కదులుతుంది. 70 కిలోల మనిషి 20 కిలోల ఆ సైకిల్ మీద ఎనిమిది శాతం ఎత్తును గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే నిమిషానికి పెడళ్లు తిరిగేది 25 చుట్లు మాత్రమే, కానీ ప్రతి చుట్టులోనూ పెడల్ మీద సగటున 39 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పడాలి. పెడల్ సరిగ్గా పైనా సరిగ్గా కిందా ఉన్నప్పుడు కాలు ఎంత తొక్కినా చక్రం తిరగదు గనుక, ఆ లోటును మధ్య భాగంలో పూడ్చడానికి ఒత్తిడి 60 కిలోలను దాటిపోతుంది.

70 కిలోల మనిషి 60 కిలోల ఒత్తిడిని కూర్చుని పెట్టబోతే పెడల్ కిందికి పోవడానికి బదులు మనిషే సీటు మీది నుంచి పైకి లేస్తాడు. శరీర బరువంతా తెచ్చి పెడల్ మీద పెట్టడం తప్ప అతడికి వేరే దారి లేదు. నల్ల సైకిల్ మీద మిట్ట ఎక్కేవారందరూ ఎవరూ నేర్పకుండానే లేచి తొక్కడానికీ, మూటలో పాల క్యాన్లో వెనక కట్టి ఉంటే దిగి తోసుకుంటూ నడవడానికీ కారణం ఇదే. వారి కాళ్లలో బలం లేదని దీనికి అర్థం చెప్పడం ఆ శ్రమకు చేసే అన్యాయం.

అదే మనిషి 10 కిలోల గేర్ల సైకిల్ ఎక్కి, ముందు 34 పళ్లూ వెనక 32 పళ్లూ ఉన్న జతలో చైన్ వేసుకుంటే పెడల్ ఒక్క చుట్టుకు కదిలేది రెండున్నర మీటర్ల లోపే. అదే ఎత్తు మీద అదే వేగానికి పెడళ్లు నిమిషానికి 60 చుట్లు తిరుగుతాయి, సగటు ఒత్తిడి 14 కిలోలకు దిగుతుంది. ఈ ఒత్తిడిని ఎవరైనా కూర్చునే పెట్టగలరు. నెమ్మదిగా, భారంగా తిరిగే పెడల్ మోకాలి చిప్ప మీద మోపే భారం కూడా ఇక్కడ బాగా తగ్గుతుంది.

ఈ తేడా తెలిసినా చాలాకాలం దాన్ని కావాలనే పక్కన పెట్టిన చరిత్ర టూర్ డి ఫ్రాన్స్‌ది. 1903లో మొదలైన ఈ పందెం 1910లో తొలిసారి పిరనీస్ పర్వతాల్లోని 2,115 మీటర్ల టూర్మలే కనుమను ఎక్కింది. అప్పటి రోడ్లు రాళ్లూ మట్టీ కలిసిన బాటలే. వెనక చక్రానికి రెండు వైపులా వేర్వేరు సంఖ్యల్లో పళ్లు ఉంటే, ఎత్తు రాగానే పోటీదారు దిగి, చక్రాన్ని ఊడదీసి, తిప్పి బిగించుకుని మళ్లీ ఎక్కేవాడు. తొక్కుతూనే చైన్‌ను ఒక పళ్ల చక్రం మీది నుంచి మరోదాని మీదికి జరిపే పరికరం పేరు డిరైలర్. పందెం నిర్వాహకుడు ఆన్రీ దెగ్రాంజ్ మనిషి కండబలమే గెలవాలి తప్ప యంత్రం కాదన్న పట్టుదలతో దాన్ని చాలా ఏళ్లు రానివ్వలేదు, 1937లో గానీ అనుమతి దొరకలేదు. ఆ పట్టుదలలో ఆదర్శం ఉండవచ్చు గానీ, దాని ధరను చెల్లించింది మాత్రం రాళ్ల బాటల మీద గంటల తరబడి నిలబడి తొక్కిన పోటీదారుల మోకాళ్లూ నడుములూ.

గేర్లు వచ్చాక శైలికి చోటు దొరికింది. 1958లో టూర్ గెలిచిన లక్సెంబర్గ్ వాసి షార్లీ గోల్ తేలిక గేరులో కూర్చుని పెడళ్లను చకచకా తిప్పుతూ కొండలెక్కేవాడు. 1991 నుంచి 1995 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచిన స్పెయిన్ వాసి మిగేల్ ఇందురైన్ ఎనభై కిలోల భారీ మనిషి, అతడు కొండ మీద సీటు వదిలింది తక్కువ. ఇటలీకి చెందిన మార్కో పంతాని అరవై కిలోలు కూడా లేని మనిషి, 1998లో ఇటలీ పందేన్నీ టూర్‌నూ ఒకే ఏడాది గెలిచాడు. డోపింగ్ వివాదాల నీడ అతడి పేరును వదలకపోయినా, వంపు హ్యాండిల్ అడుగు భాగాన్ని పట్టుకుని, నిలబడి, చాలాసేపు అలాగే సాగిపోయే అతడి తీరును చూసినవారు మరిచిపోలేదు. ఆల్ప్స్ పర్వతాల్లో 21 మలుపులతో దాదాపు 14 కిలోమీటర్లు సాగే ఆల్ప్ దుయెజ్ వంటి దారి మీద, సగటున ఎనిమిది శాతం ఎత్తులో, ఆ తీరు చెల్లడానికి అతడి తక్కువ బరువు ప్రధాన కారణం. నిలబడినప్పుడు కాళ్లు అదనంగా మోయాల్సింది తన శరీరాన్నే గనుక, బరువు పెరిగేకొద్దీ ఆ సుఖం తగ్గిపోతుంది. పంతానిని చూసి ఇందురైన్ అంత మనిషి అనుకరిస్తే మొదటి కొన్ని మలుపుల్లోనే అలసిపోతాడు.

లేవడంలో కూడా ఒక పద్ధతి ఉంది. సీటు మీది నుంచి ఉన్నట్టుండి లేస్తే శరీరం ముందుకు పోతూ సైకిల్‌ను వెనక్కి నెడుతుంది, ఒక్క క్షణం వేగం చచ్చిపోతుంది. గుంపుగా వెళుతున్నప్పుడు ఆ కాస్త వెనుకబాటే వెనక వచ్చేవారి ముందు చక్రానికి తగిలి ఇద్దరినీ పడేయగలదు. అందుకే అనుభవమున్నవారు లేవడానికి ముందు గేరును ఒకటి రెండు మెట్లు బరువు వైపు మార్చుకుంటారు. నిలబడినప్పుడు పెడళ్లు నెమ్మదిగా తిరుగుతాయి, ప్రతి తొక్కుకూ శరీర బరువు తోడవుతుంది గనుక ఆ గేరు చేతికందినట్టు ఉంటుంది. ఒక పెడల్ పైనుంచి దిగడం మొదలైన క్షణంలో దాని మీద బరువు వేస్తూ లేస్తే సైకిల్ వెనక్కి పోదు. కుడికాలు తొక్కుతున్నప్పుడు సైకిల్ కొద్దిగా ఎడమకూ, ఎడమకాలు తొక్కుతున్నప్పుడు కుడికీ వాలుతుంది. ఊగాల్సింది సైకిలే, భుజాలు కాదు. భుజాలు ఊగుతున్నాయంటే శక్తి పక్కదారి పడుతోందని అర్థం. కూర్చున్నప్పుడు పెడల్ చుట్టులో అత్యధిక ఒత్తిడి మధ్య భాగంలో పడితే, నిలబడినప్పుడు అది మరికాస్త కిందికి, పెడల్ అడుగు చేరబోయే చోటికి జరుగుతుంది. కండరాలు వేరే కోణంలో, వేరే క్రమంలో పనిచేయడం వల్ల అరనిమిషం నిలబడి మళ్లీ కూర్చున్నా కాళ్లకూ, సీటు ఒత్తిడికి తిమ్మిరెక్కిన భాగాలకూ విశ్రాంతి దొరికినట్టవుతుంది. పొడవైన ఎత్తు మీద లేవడం వల్ల కలిగే నిజమైన లాభం వేగం కన్నా ఇదే.

రోడ్డు ఉపరితలం కూడా ఈ నిర్ణయంలో పాలు పంచుకుంటుంది. నిలబడినప్పుడు బరువు ముందుకు జరిగి వెనక చక్రం తేలికవుతుంది గనుక వాన నీటి మీదా, ఇసుక మీదా, గులక మీదా అది పట్టు తప్పి ఉన్న చోటే గిర్రున తిరుగుతుంది. మరీ వెనక్కి కూర్చుంటే నిటారు ఎత్తు మీద ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. హార్స్‌లీ హిల్స్ వంటి చోట్లకు ఎక్కే మెలికల దారుల్లో ఈ రెండు ఇబ్బందులూ ఒకే చోట కలుస్తాయి. ఎడమ వైపు నడవాల్సిన మన దేశంలో, పైకి ఎక్కేవారికి ఎడమకు తిరిగే ప్రతి మలుపూ లోపలి అంచు మీదే దొరుకుతుంది. బయటి అంచు ఎంత ఎత్తు చేరుతుందో లోపలి అంచూ అంతే ఎత్తును తక్కువ దూరంలో చేరాలి గనుక అక్కడ దారి మిగతా రోడ్డు కంటే బాగా నిటారుగా ఉంటుంది, లేచి నాలుగు తొక్కులు తొక్కాలనిపించేదీ అక్కడే. కొండ మీది నుంచి వాన తోసుకొచ్చిన ఇసుకా గులకా పేరుకునేది కూడా ఆ అంచు దగ్గరే. రోడ్డు శుభ్రంగా ఉంటే అక్కడ లేవడం మంచిది. గులక కనిపిస్తే మలుపు రాకముందే అతి తేలిక గేరులోకి మారి, సీటు కొసకు జరిగి, మోచేతులు వంచి, ఛాతీని హ్యాండిల్ మీదికి దించి కూర్చునే తొక్కాలి. అప్పుడు వెనక చక్రం పట్టు వదలదు, ముందు చక్రం నేల విడవదు. మలుపు దాటి రోడ్డు కాస్త చదునయ్యాక లేచి నడుము సాగదీసుకోవచ్చు.