మలుపులో చక్రం ‘కీచు’మంటే...

విజయవాడ: అపార్ట్‌మెంటు సెల్లారులో కారు నిలిపేందుకు స్టీరింగును చివరికంటా తిప్పగానే ముందు చక్రాల దగ్గర ‘కీచు’మని ఒక అరుపు. పక్క ఫ్లాటువారు తొంగి చూస్తారు. కొత్తగా కారు కొన్నవారికైతే గుండె జారినంత పని. మర్నాడే షెడ్డుకు పరుగు. అక్కడ సలహాలు మనిషికొక తీరు. ఒకరు టైర్లు మార్చమంటారు, మరొకరు యాక్సిలు పోయిందంటారు. ఈ చప్పుళ్ళలో కొన్ని అసలు జబ్బే కావు. మరికొన్నింటిని అశ్రద్ధ చేస్తే ప్రాణానికే ముప్పు. ఏది ఏదో యజమానికి తెలిసి ఉంటే అనవసరపు ఖర్చూ తప్పుతుంది, ప్రమాదమూ తప్పుతుంది.

నాలుగు చక్రాలు, నాలుగు దారులు

ఎడ్లబండిని ఉన్నచోటనే మళ్ళిస్తే లోపలి చక్రం దాదాపు కదలదు. బయటి చక్రం దాని చుట్టూ తిరిగి వస్తుంది. కారు సంగతీ ఇంతే. ముందు, వెనుక చక్రాల మధ్య 2.5 మీటర్లు, కుడి ఎడమల మధ్య 1.45 మీటర్లు ఎడం ఉన్న కారును తీసుకుందాం. బయటి ముందు చక్రం 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగేలా ఆ కారు ‘యూ’ టర్ను కొడితే, ఆ చక్రం సుమారు 15.7 మీటర్లు నడుస్తుంది. లోపలి ముందు చక్రం నడిచేది 12 మీటర్లే. లోపలి వెనుక చక్రానికి 9 మీటర్లు చాలు. ఏ చక్రమూ ఈడ్చుకుపోకుండా దొర్లాలంటే బయటి ముందు చక్రం 30 డిగ్రీలు తిరిగినప్పుడు లోపలిది 41 డిగ్రీలు తిరగాలి.

ఈ లెక్కకు తగిన అమరికను మ్యూనిక్‌లో గుర్రపు బండ్లు చేసే లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టాడు. అతని తరఫున రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1818లో లండన్‌లో పేటెంటు తీసుకున్నాడు. అందుకే దానికి ఆకర్‌మన్ పేరే నిలిచింది. అయితే నేటి కార్లు ఈ లెక్కను తు.చ. తప్పక పాటించవు. వేగంగా పోయేటప్పుడు పట్టు కుదరాలి, చక్రం తిరగడానికి మడ్‌గార్డు కింద చోటు చాలాలి. వీటి కోసం తయారీదారులు కొంత రాజీ పడతారు. ఫలితంగా స్టీరింగు చివరికంటా తిరిగినప్పుడు రెండు ముందు టైర్లూ ఒకదానితో ఒకటి పెనుగులాడి నేల మీద కొద్దిగా ఈడ్చుకుపోతాయి. నున్నటి సిమెంటు మీద, రంగు వేసిన గచ్చు మీద, పలకల మీద రబ్బరు అంటుకుని, జారి, మళ్ళీ అంటుకుంటుంది. ఆ అదురే మన చెవికి ‘కీచు’మని వినిపిస్తుంది.

నేల మార్చి చూడండి

అందుచేత మొదటి పరీక్ష చాలా సులువు. అదే కారును గరుకైన తారు రోడ్డు మీదకో, మట్టి మైదానంలోకో తీసుకెళ్ళి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. కీచుదనం పోతే అది గచ్చు మహిమే. అప్పుడు చూసుకోవలసింది టైర్లలో గాలి ఒక్కటే. ఎంత గాలి ఉండాలో చాలా కార్లకు డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మామూలు మలుపుల్లో కూడా కీచుమంటున్నా, టైరు ఒక అంచే అరిగినా వీల్ అలైన్‌మెంటు చూపించాలి. ఇక ఏ నేల మీదనైనా వినిపించే చప్పుడు కారులోనిదే.

‘టకటక’ అంటే జాగ్రత్త

అంబాసిడర్, పద్మినీ కార్లలో ఇంజను బలం వెనుక చక్రాలకు వెళ్ళేది. ముందు చక్రాలకు మళ్ళడమే పని. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చాక ముందు చక్రాలే బండిని లాగే కార్లు ఇంటింటికీ చేరాయి. ఇటువంటి కార్లలో చక్రం మళ్ళుతూనే బలం అందుకోవడానికి సీవీ జాయింటు ఉంటుంది. దాని మీది రబ్బరు బూటు చిరిగితే గ్రీజు బయటికి పోయి దుమ్ము, నీరు లోపలికి చేరతాయి. అప్పుడు మలుపులో, ముఖ్యంగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు, చక్రం తిరిగే లయలోనే ‘టకటక’ వినిపిస్తుంది. చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మిన మరకలు కనబడగానే వెళితే బూటు, గ్రీజుతో పోతుంది. చప్పుడు మొదలయ్యే దాకా ఆగితే జాయింటే మార్చవలసి వస్తుంది.

స్టీరింగు తిప్పుతుంటే ‘కటక్’మని కొట్టుకున్నా, కిర్రుమన్నా బాల్ జాయింటు, టై రాడ్ ఎండు, స్ట్రట్ మౌంటు చూపించాలి. బాల్ జాయింటు ఊడితే నడుస్తున్న కారు చక్రం పక్కకు ఒరిగిపోతుంది. ఈ చప్పుడు విన్నాక దూర ప్రయాణం పెట్టుకోరాదు.

ఆయిలుతో పనిచేసే పవర్ స్టీరింగు చివరికంటా తిప్పి పట్టుకుంటే ‘ఊఁ’ అని మూలుగుతుంది. పంపు మీద ఒత్తిడి పెరగడమే అందుకు కారణం. కొద్ది సెకన్లకు మించి అలా పట్టి ఉంచరాదు. కరెంటు మోటారుతో నడిచే స్టీరింగులో ఈ పంపూ ఉండదు, ఆయిలూ ఉండదు. అటువంటి కారుకు స్టీరింగు ఆయిలు మార్చాలని ఎవరైనా అంటే బానెట్టు ఎత్తి చూపించమని అడగండి.

పెద్ద సైజు టైర్లు వేయించాక ‘బర్రు’మంటే టైరు లోపలి ప్లాస్టిక్కుకు రాసుకుంటున్నట్లే. టైరు పక్క గోడ కోసుకుపోక ముందే సరైన సైజుకు మారడం మేలు.

అలవాటు మారాలి

నిలిచి ఉన్న కారులో స్టీరింగును బలంగా తిప్పితే టైరు ఒకేచోట నేలకు రాసుకుంటుంది, లింకులన్నింటి మీదా భారం పడుతుంది. కారును కొద్దిగా కదలనిస్తూ తిప్పాలి. చివరికంటా తిప్పాక వెంట్రుక వాసి వెనక్కు వదలాలి. షెడ్డుకు వెళ్ళినప్పుడు ‘చప్పుడొస్తోంది’ అని ఊరుకోక ఏ నేల మీద, ఏ వైపు తిప్పితే, ఎలాంటి చప్పుడో చెప్పండి. మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది, మీ బిల్లు కూడా.