ముల్లు పాడే పాట, అంకెలు పాడే పాట

స్టూవర్టుపురానికి దగ్గరలోని బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలతో తెలుగు నాటకరంగాన్ని ఉర్రూతలూగించారు. 1971లో ఆయన మరణించినా, గొంతు గ్రామఫోను రికార్డుల్లో మిగిలింది. ఎలా?

ఆ కాలపు లక్క రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక వైపు పట్టేది సుమారు 3 నిమిషాలే. వన్స్‌మోర్లతో సాగే నాటక పద్యానికి అది ఎంత ఇరుకో ఊహించండి! 1948లో అమెరికాలో వచ్చిన వినైల్ ఎల్.పి. 33⅓ చుట్లతో 20 నిమిషాలకు పైగా పాడింది.

రికార్డుపై ఎన్నో గాడులున్నట్లు కనిపిస్తుంది గాని, వైపుకు ఉన్నది ఒక్కటే గాడి. అంచున మొదలై సుడి తిరుగుతూ లోపలికి పోతుంది. గొంతు గాలిలో లేపిన తరంగమే దాని గోడలపై వంకరలుగా ఉంటుంది. ఆ వంకరల వెంట ముల్లు కదిలితే పాట. ఎల్.పి.కి చుట్టుకు 1.8 సెకన్లు. ముల్లు కింద గాడి అంచు దగ్గర సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు జరిగితే, లోపలి చుట్టులో 21 మాత్రమే జరుగుతుంది. అక్కడ హెచ్చు స్వరాల వంకరలు ఇరుకై, చివరి పాట కాస్త మసకబారుతుంది.

1982లో అమ్మకానికి వచ్చిన కాంపాక్టు డిస్కులో వంకరలకు బదులు అంకెలుంటాయి. తరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు. కొలతకూ కొలతకూ మధ్య పాట జారిపోదా? జారిపోదు. మన చెవికి వినబడేది సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే. అందుకు రెట్టింపుకు మించి కొలిస్తే తరంగాన్ని తిరిగి గీయవచ్చు. రికార్డులోనే జీవముందనే వారున్నారు. అది వారి ఇష్టం. కొలతల్లో మాత్రం అంకెలదే పైచేయి.

పైగా ముల్లు ప్రతిసారీ గాడిని కొంత అరగదీస్తుంది. అంకెలను ఎన్ని నకళ్లు తీసినా అరగవు. అయితే గీతపడ్డ రికార్డును అంకెల్లోకి ఎక్కిస్తే, చుట్టుకొకసారి వచ్చే టిక్కు కూడా ఎక్కుతుంది. మీ అటకమీద పాత రికార్డులుంటే దొంతరగా పేర్చకండి. నిలబెట్టి, ఎండ తగలకుండా ఉంచండి.