వరిపొలములో గోల్ఫు

పోర్చుగల్ దక్షిణతీరమగు అల్గార్వ్‌కు ఎండను, గోల్ఫును కోరి ఐరోపావాసులు వత్తురు. సెలవు నాలుగు దినములే, మైదానములు అనేకములు. ఏది ఎన్నుకొనవలెను? వాలె దో లోబోలో 16వ గుంటకు సముద్రపు కొండచరియల మీదుగా బంతిని దాటింపవలెను. దృశ్యము రమణీయమే గాని, ఎదురుగాలి వీచినచో బంతి కడలిపాలు!

నేనైతే పెనీనాను కోరుదును. బ్రిటిష్ ఓపెన్‌ను మూడుమార్లు గెలిచిన హెన్రీ కాటన్ రూపొందించిన ఆ మైదానము 1966లో తెరువబడినది. అంతకుముందది వరిపొలము. (మన కోనసీమ రైతు వినినచో ఏమనునో!) చిత్తడిని పీల్చుటకై ఆయన వేలకొలది చెట్లు నాటించెను.

నీరెక్కువై బాధించిన ఆ సీమలోనే 2024లో కరవు వచ్చి, గోల్ఫునకును నీటికోత విధింపబడినది. శుద్ధిచేసిన మురుగునీటితో పచ్చిక పెంచు మైదానములును అచట కలవు. పోవువారు ముందు వానిని విచారింతురు గాక.