శీతలయంత్రము నడచునపుడు కారు ఏల మందగించును?

మన కోనసీమలో కొండ లేదు. ఐ.పోలవరమునుండి ఏ దిక్కునకు బోయినను కాలువగట్టులు, కొబ్బరితోటలు, వరిచేలు, అంతయు సమతలమే. కావున కారునందలి బలహీనత మనకు తఱచుగా తెలియదు. తెలియు చోటొకటి కలదు. అది యెదుర్లంకకును యానామునకును నడుమ, గౌతమిపై, బాలయోగిగారి పేర వెలసిన వారధి యెత్తు.

మొన్నటి వేసవిలో, దాళ్వా కోతల దినములలో, మా మేనల్లుడు నన్ను కాకినాడనుండి తన కారులో తీసికొని వచ్చుచుండెను. వారధి యెత్తున కొబ్బరికాయల లారీ యొకటి మా ముందు నత్తవలె ప్రాకుచుండెను. దానిని దాటుటకై వాడు కుడిప్రక్కకు వచ్చి యాక్సిలరేటరు త్రొక్కెను. కారు మూల్గెనేకాని సాగలేదు. ఎదుటనుండి బస్సు వచ్చుచున్నది. దైవానుగ్రహమున మరల లారీ వెనుకకు చేరుకొంటిమి. ఏసీ ఆపినంతనే బండి తేలికగా లాగెను. "ఇంజను పోయినట్లున్నది, మామయ్యా" అని వాడు బెదరెను. మఱునాడు చూపింపగా ఒక మెకానిక్కు ఇంజను విప్పవలెననియు, వేలకు వేలు ఖర్చగుననియు చెప్పెను. విప్పుటకు ముందు కొంత విచారింత మంటిని.

ఏసీకి శక్తి బ్యాటరీనుండి వచ్చునని పలువురు తలంతురు. విద్యుత్తు కార్ల మాట వేఱు. మన పెట్రోలు, డీజిలు కార్లలో సాధారణముగా ఇంజనే యొక బెల్టుద్వారా కంప్రెసరును త్రిప్పును. బండి లాగు ఎడ్లచేతనే గానుగను కూడ త్రిప్పించుట వంటిదిది. అమెరికాలో ప్యాకార్డు సంస్థవారు 1940 నమూనా కార్లలో ఏసీ నమర్చినపుడు కంప్రెసరును విడదీయు క్లచ్చి లేకుండెను. చల్లదనము వలదనుకొన్నవారు బండి నాపి, బానెట్టు తెఱచి, ఆ బెల్టును చేతితో ఊడదీయవలసి యుండెనట! నేడు మీట నొక్కిన చాలును.

ఈ కంప్రెసరు ఎండ మిక్కుటముగా నున్నపుడు మూడు నాలుగు గుఱ్ఱముల బలమును తినగలదు. పెద్ద కారునకు ఇది లెక్కలోనిది కాదు. 1983లో వెలువడిన మారుతి 800 వంటి దానికో, ఇంజను పూర్తి వేగముతో తిరిగినపుడే దాని బలము నలువది గుఱ్ఱములకు లోపు. ఎత్తెక్కుచు ఇంజను మెల్లగా తిరుగునపుడు అందులో సగమైనను చేతికందదు. అట్టి వేళ మూడు గుఱ్ఱములు పోయిన తెలియక మానునా?

మన సీమకు మఱొక విశేషము కలదు. ఇచట సముద్రపు గాలి తేమతో నిండియుండును. ఏసీ గాలిని చల్లార్చుటయే కాక అందలి తేమను నీరుగా మార్చవలెను. ఆగియున్న కారు క్రింద బొట్లుబొట్లుగా కారు నీరు అదియే. ఆవిరిని ఒక లీటరు నీరుగా మార్చుటకు తొలగింపవలసిన వేడి, 30 డిగ్రీల నీటిని ఒక లీటరు మరగించుటకు పట్టు వేడికి సుమారు ఎనిమిది రెట్లు. కావున ఎండ సమానమే యైనను పొడిగాలి వీచు ఊరికంటె ఇచట కంప్రెసరు శ్రమ యెక్కువ.

కొంత మాంద్యము సహజమని తేలినది. సహజమెంత, రోగమెంత యని తెలియుటెట్లు? తర్కము చదివినవారు కారణనిశ్చయమునకు అన్వయవ్యతిరేకములను వాడుదురు. ఇది యున్నచో అది యుండుట అన్వయము. ఇది లేనిచో అది లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరిననే కారణమనదగును. ఖాళీగానున్న చదునుబాటపై అదే గేరులో, అంతే మందితో, 40 కిలోమీటర్ల వేగమునుండి 60కి చేరుటకు ఎన్ని సెకండ్లు పట్టునో ఏసీ వేసి యొకమాఱు, ఆపి యొకమాఱు ప్రక్కనున్నవారు లెక్కింపవలెను. ఏసీ ఆపినను మాంద్యము పోనిచో ఏసీ నిర్దోషి. గాలి ఫిల్టరు, ప్లగ్గులు, బిగిసిన బ్రేకులు, జాఱుచున్న క్లచ్చి చూడవలెను. ఏసీతోడనే వచ్చి ఏసీతోడనే పోయినచో ఇంజను విప్పుట వ్యర్థము.

మా వాని కారున రెండవదే తేలినది. అపుడు బానెట్టు తెఱచి చూచితిమి. రేడియేటరు ముందుండు కండెన్సరు జల్లెడనిండ వరిపొట్టు, పురుగులు అంటుకొని యుండెను. ఏసీ వేసినపుడు తిరుగవలసిన ఫ్యాను తిరుగుట లేదు. దాని ఫ్యూజు కాలిపోయెను. లోని వేడి బయటకు పోనందున వాయుపీడనము పెరిగి, కంప్రెసరు రెట్టింపు శ్రమతో తిరుగుచుండెను. ఆగినపుడు చల్లదనము తగ్గి, వేగముగా పోవునపుడు పెరుగుట దీనికి గుర్తు. గ్యాసు ఎక్కువ నింపినను పీడనము పెరుగును. బానెట్టు క్రింది చీటీపై వ్రాసిన గ్రాముల తూకము మించరాదు. ఏసీ వేసినపుడు గరగర వినబడినచో కంప్రెసరు బేరింగును, కీచుమనినచో బెల్టును శంకింపవలెను.

ఇంజను చల్లారిన పిదప సన్నని నీటిధారతో కండెన్సరు కడిగితిమి. గట్టి ధారకు దాని రేకులు వంగిపోవును. గ్యాసు గొట్టములను మాత్రము తెలియనివారు విప్పరాదు. అందలి పీడనము ప్రమాదకరము. ఫ్యూజు మార్పించితిమి. మరల వారధి యెక్కినపుడు కారు చక్కగా లాగెను. ఏసీతో ఇంకను కొంచెము బరువుగానే యుండెను. అది ఆ చిన్న ఇంజనునకు సహజము. ఇప్పుడు లారీని దాటవలసివచ్చినచో మా మేనల్లుడు ముందుగా ఏసీ ఆపి, ఎదుటి బాట చూచుకొని, పిదప దాటుచున్నాడు.