కొత్త ల్యాప్‌టాప్‌లో లోపం వస్తే: జాబ్‌షీట్ నుంచి 1915 దాకా

మా ఖాలా వాళ్లది కర్నూలు. వాళ్లమ్మాయికి బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో సీటొచ్చింది. ఆగస్టులో లక్షా పన్నెండు వేలు పెట్టి ల్యాప్‌టాప్ కొన్నారు. రెండేళ్లు దాచిన డబ్బుకు తోడు మామూ దగ్గర ఇరవై వేలు చేబదులు తెచ్చారు. వడ్డీ తలనొప్పి వద్దని ఈఎంఐ జోలికి పోకుండా మొత్తం ఒకేసారి కట్టారు. చవకది కొంటే రెండేళ్లకే మూలపడుతుంది, మంచిది కొంటే నాలుగేళ్ల చదువు గడిచిపోతుంది అని వాళ్ల లెక్క. అయిదో రోజు మూత కొంచెం వెనక్కి వంచగానే స్క్రీన్ మినుకు మినుకుమంది.

ఎవరైనా చేసే పనే వాళ్లూ చేశారు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లారు. "కేబుల్ లూజ్ అయ్యుంటుందమ్మా, పార్ట్ ఆర్డర్ పెడతాం, నాలుగు రోజులు ఆగండి" అన్నారు. ఆగారు. ఈలోపు కొన్న వెబ్‌సైట్‌లో ఉన్న ఏడు రోజుల రీప్లేస్‌మెంట్ గడువు కాస్తా అయిపోయింది. కొత్త మెషీన్ అడిగే హక్కున్న చోట, పదహారు రోజుల తర్వాత స్క్రీన్ మార్చిన మెషీన్ చేతికొచ్చింది.

నాకు ఫోన్ చేసింది ఆ తర్వాతే. నేను చదివింది కామర్స్, ఇంజినీరింగ్ కాదు. కానీ ఈ వ్యవహారంలో సగం గొడవ బిల్లుది, తేదీలది, సంతకాలదే. అయిదు నెలలు వాళ్లతో పాటు తిరిగితే అర్థమైన సంగతులు ఇక్కడ రాస్తున్నా.

మొదటి వారంలోనే సగం తేలిపోతుంది

ల్యాప్‌టాప్ కొన్నాక మీకు ఎదురుగా ఉండేది ఒక్కరు కాదు, ముగ్గురు. అమ్మినవాడు, తయారు చేసిన కంపెనీ, ఆ కంపెనీ పేరుతో బోర్డు పెట్టుకున్న సర్వీస్ సెంటర్. చాలా ఊళ్లలో ఈ సెంటర్ కంపెనీది కాదు, ఫ్రాంచైజీ తీసుకున్న వేరే వాళ్లది. మార్చి కొత్తది ఇచ్చే మాట అమ్మినవాడిది. కంపెనీ వారంటీ కాగితం మీద ఉండేది దాదాపు ఎప్పుడూ రిపేరే. మార్చడం కూడా రాసి ఉంటుంది, కానీ ఆ నిర్ణయం వాళ్ల చేతిలో పెట్టుకుంటారు.

అందుకే లోపం కనపడిన రోజే రెండు చోట్లా ఫిర్యాదు పెట్టాలి. ముందు అమ్మిన సైట్‌లోనో షాపులోనో రీప్లేస్‌మెంట్ రిక్వెస్ట్, అదే రోజు కంపెనీలో సర్వీస్ రిక్వెస్ట్. ఎలక్ట్రానిక్స్ విషయంలో చాలా సైట్లు "ముందు కంపెనీ టెక్నీషియన్ చూడాలి, లోపం ఉందని కాగితం ఇవ్వాలి" అంటాయి. దాన్ని డీఓఏ సర్టిఫికెట్ అంటారు. అంటే మీ చేతికి వచ్చేటప్పటికే పాడైన సరుకు అని ఒప్పుకోలు. సర్వీస్ సెంటర్‌లో మొదట అడగాల్సింది ఆ కాగితం. విప్పి బాగుచేయమని మనమే ఒప్పుకున్నాక "కొత్తది ఇవ్వండి" అంటే, బాగైపోయింది కదా అంటారు. మా వాళ్ల దగ్గర జరిగింది అదే.

షాపులో కొని, బిల్లు మీద గడువేమీ లేదనుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు రాసి లేకపోతే 30 రోజుల్లోగా లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి. నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ లెక్కలోకే. "బిల్లు లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తా" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రెండు వేలకు పోయేది వారంటీ మొత్తం.

కొత్త పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. పెట్టె మీద, మెషీన్ అడుగున, బిల్లు మీద సీరియల్ నంబరు ఒకటేనా చూడండి. కంపెనీ సైట్‌లో ఆ నంబరు కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో కూడా చూడాలి. కొన్నిసార్లు సరుకు డీలర్‌కు చేరిన రోజు నుంచే లెక్క పడి ఉంటుంది. బిల్లు అప్‌లోడ్ చేసి సరిచేయించుకోవాలి. తర్వాత స్క్రీన్ మీద పూర్తి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కొక్కటి పెట్టి చుక్కలు, మరకలు వెతకండి. ప్రతి కీ నొక్కండి, ప్రతి పోర్టులో ఏదో ఒకటి గుచ్చండి, మూత పదిసార్లు తెరిచి మూయండి. గంట పని.

లోపం మెషీన్‌దా, సాఫ్ట్‌వేర్‌దా?

సర్వీస్ సెంటర్‌లో మొదటి మాట ఎప్పుడూ "విండోస్ కొట్టి చూద్దాం". అక్కడికి పోకముందే మనం తేల్చుకోగలిగింది కొంత ఉంది. స్క్రీన్ మిణుకుతుంటే టీవీకో వేరే మానిటర్‌కో కేబుల్ పెట్టండి. బయటి తెర మీద శుభ్రంగా ఉండి ల్యాప్‌టాప్ తెర మీదే మిణుకుతుంటే అనుమానం ప్యానెల్ మీదకో దాని కేబుల్ మీదకో పోతుంది. రెండింట్లోనూ ఉంటే గ్రాఫిక్స్, డ్రైవర్ వైపు చూడాలి. విండోస్ మొదలవక ముందు వచ్చే బయోస్ తెరలో కూడా మిణుకుతుంటే ఇక సాఫ్ట్‌వేర్ అనడానికి లేదు. ఇదంతా ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. సెంటర్‌లో టేబుల్ మీద పెట్టగానే బుద్ధిగా పనిచేయడం ఈ మెషీన్ల అలవాటు, పిల్లలు డాక్టర్ దగ్గర దగ్గు మానేసినట్టు.

బ్యాటరీ మీద అనుమానం ఉంటే విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ తీసే కమాండ్ ఉంది. తయారీలో ఉండాల్సిన సామర్థ్యం, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యం పక్కపక్కనే చూపిస్తుంది. కొత్త మెషీన్‌లోనే ఆ రెండింటికీ పెద్ద తేడా ఉంటే అడగాల్సిందే. అలాగే మూత మూసి బ్యాగులో పెడితే కాలిపోయేంత వేడెక్కిందని చాలామంది భయపడతారు. అది చాలాసార్లు స్లీప్ సెట్టింగ్ సంగతి. షట్‌డౌన్ చేసి పెడితే ఆగిపోతే హార్డ్‌వేర్ జోలికి పోనక్కర్లేదు.

ఖరీదైన దానికి చిన్న రిపేరు ఉండదు

ఇది కొనేటప్పుడు ఎవరూ చెప్పని విషయం. పాత రకం లావు ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పోతే ర్యామ్ మార్చేవాళ్లు, కీబోర్డు పోతే కీబోర్డు. ఇప్పుడు సన్నగా, తేలిగ్గా చేయడం కోసం చాలా ప్రీమియం మోడళ్లలో ర్యామ్‌ను మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసేస్తున్నారు. కొన్నింట్లో స్టోరేజ్ కూడా బోర్డు మీదే. కీబోర్డు పై చట్రంతో కలిసిపోయి ఉంటుంది, బ్యాటరీని జిగురుతో అంటిస్తారు. కాబట్టి అయిదు వందల చిప్ పోయినా సెంటర్‌లో చెప్పేది "మదర్‌బోర్డు మార్చాలి" అనే. వారంటీ ఉంటే నష్టం వాళ్లది. లేకపోతే మెషీన్ ధరలో సగం మనది.

పేరున్న కంపెనీ అయితే లోపాలు రావు అనేది కూడా నమ్మకమే. యాపిల్ 2015లో బటర్‌ఫ్లై అనే కొత్త రకం కీబోర్డు తెచ్చింది. కీల కింద చిన్న దుమ్ము చేరినా అక్షరాలు పడకపోవడం, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలైంది. 2018 జూన్‌లో కంపెనీ, కొన్న నాలుగేళ్ల దాకా ఆ కీబోర్డులను ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించింది. 2019 నుంచి కొత్త మోడళ్లలో మళ్లీ పాత తరహాకే వెళ్లింది. అమెరికాలో వినియోగదారులు వేసిన కేసులో 5 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌కు 2022లో ఒప్పుకుంది. మనకు పనికొచ్చే సంగతి ఏంటంటే, వారంటీ అయిపోయినా అలాంటి ఉచిత సర్వీస్ ప్రోగ్రాం మీ మోడల్‌కు ఉండొచ్చు. డబ్బు కట్టే ముందు కంపెనీ సైట్‌లో వెతకండి.

జాబ్‌షీట్‌ను చదవకుండా సంతకం పెట్టకండి

నవంబర్‌లో మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. ఈసారి మదర్‌బోర్డు అన్నారు. మూడు రోజుల తర్వాత ఫోన్: "మూల దగ్గర సొట్ట ఉంది, ఫిజికల్ డ్యామేజ్, వారంటీ రాదు, 58 వేలు అవుతుంది." ఖాలూ గొంతు పడిపోయింది. ఇంటి అద్దె ఎనిమిది వేలు ఉన్న మనిషికి 58 వేలు అంటే మాటలా?

కాపాడింది రెండు ఫోటోలు, ఒక కాగితం. మొదటిసారి దెబ్బతిన్నాం కాబట్టి, ఈసారి ఇచ్చేటప్పుడు కౌంటర్ మీదే నాలుగు వైపులా, అడుగున ఫోటోలు తీయించాను. జాబ్‌షీట్‌లో "బయట దెబ్బలు, గీతలు లేవు" అని రాయించాం. ఆ కాగితం ముందు పెట్టగానే సొట్ట వాళ్ల దగ్గరే పడి ఉండాలన్నది తేలిపోయింది. మాట మారింది, బోర్డు ఉచితంగా మార్చారు.

జాబ్‌షీట్‌లో మీరు చెప్పిన లోపం మీ మాటల్లోనే ఉందా చూడండి. "స్క్రీన్ ఇష్యూ" అని రెండు ముక్కలు రాస్తే చాలదు, "మూత కదిలిస్తే మిణుకుతోంది, రోజుకు చాలాసార్లు" అని ఉండాలి. సీరియల్ నంబరు, తేదీ, మెషీన్ పరిస్థితి, ఛార్జర్ ఇచ్చామా లేదా కూడా. తిరిగి తీసుకునేటప్పుడు ఏ పార్ట్ మార్చారో రాసిన రెండో కాగితం అడగండి. లోపల నీళ్లు తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్లు చాలా మెషీన్లలో ఉంటాయి. తడి తగిలిందని వారంటీ కాదంటే ఆ స్టిక్కర్ ఫోటో, తిరస్కరిస్తున్నామని ఈమెయిల్ అడగాలి. నోటి మాటతో వెనక్కి రాకండి. వారంటీ ఉండగా బయటి షాపులో విప్పించొద్దు కూడా. సికింద్రాబాద్ సీటీసీలో చేయి తిరిగిన మెకానిక్‌లు ఉన్నారు, వాళ్ల పనికి వంక లేదు. వాళ్ల దగ్గరికి వెళ్లడం వారంటీ అయ్యాక.

ఇంట్లో ఆడవాళ్ల ఫోటోలు ఉంటాయి కదా?

ఇది ఖాలా అడిగిన ప్రశ్న, లక్ష రూపాయల కంటే ముందు ఆమెకు తోచింది ఇదే. ఇచ్చే ముందు మొత్తం హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, మెషీన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇవ్వడం అన్నింటికంటే మంచిది. ఆన్ కాని పరిస్థితిలో పాస్‌వర్డ్ రాసివ్వకండి. బోర్డు, స్క్రీన్ పరీక్షలకు వాళ్ల దగ్గర సొంత టూల్స్ ఉంటాయి. తప్పదంటే వేరే యూజర్ అకౌంట్ ఒకటి చేసి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి.

ఇంకొకటి. కొత్త విండోస్ మెషీన్లలో చాలావాటికి డిస్క్ తాళం వేసే ఉంటుంది. బోర్డు మార్చాక ఆన్ చేస్తే బిట్‌లాకర్ రికవరీ కీ అని 48 అంకెలు అడుగుతుంది. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. రిపేరుకు ఇచ్చే ముందే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. అది లేకపోతే లోపలున్నది ఎవరూ తీయలేరు.

దుబాయ్ నుంచి తెచ్చింది అయితే?

మన ఇళ్లలో సగం ల్యాప్‌టాప్‌లు దుబాయ్, జెద్దా, రియాద్ నుంచి వచ్చినవే. ఆ వారంటీ ఇక్కడ నడుస్తుందా అన్నది కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి. కొన్ని కంపెనీలు దేశం మార్చి రిజిస్టర్ చేసుకోమంటాయి, కొన్ని కొన్న దేశానికే పరిమితం చేస్తాయి. భాయ్‌జాన్ అక్కడ డబ్బు కట్టే ముందే సీరియల్ నంబరుతో ఇక్కడి కంపెనీ హెల్ప్‌లైన్‌ను అడగండి. బిల్లు పెట్టెలోనే తెప్పించండి. అక్కడి షాపు మీద ఇక్కడ కూర్చుని పోరాడటం మాటలు కాదు, కాబట్టి పదిహేను వేలు తక్కువకు వచ్చిందన్న సంబరంలో ఈ లెక్క కూడా వేసుకోవాలి.

చట్టం దగ్గరికి వెళ్తే

మొదట 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు. 8800001915 వాట్సాప్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. వాళ్లకు ఆదేశం ఇచ్చే అధికారం లేదు. కానీ ఫిర్యాదు కంపెనీ పెద్దల దగ్గరికి చేరుతుంది, సెంటర్ కౌంటర్ దగ్గర నెల కదలని ఫైలు అక్కడ కదలొచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కూడా రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. లోపం సరిచేయమని, మార్చి ఇవ్వమని, డబ్బు వెనక్కి ఇవ్వమని, పరిహారం కట్టమని ఆదేశించే అధికారం దానికి ఉంది. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. చట్టంలో మూడు నెలలు, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని ఉంది. వాస్తవంలో ఎక్కువే పట్టొచ్చని మనసులో పెట్టుకుని వెళ్లండి.

వ్యాపారం ఉన్నవాళ్లకు ఒక మాట. పన్ను క్రెడిట్ వస్తుందని ఇంటి పిల్లల ల్యాప్‌టాప్‌ను షాపు జీఎస్టీ నంబరు మీద కొంటుంటారు. లక్షా పన్నెండు వేల మెషీన్‌లో 18 శాతం లెక్కన 17 వేలకు పైగా పన్నే, ఆశ సహజం. ఇంటి వాడకానికి కొన్నదాని మీద ఆ క్రెడిట్ తీసుకోవడమే తప్పు. పైగా వ్యాపారం కోసం కొన్నవాళ్లు ఈ చట్టంలో వినియోగదారులు కారు. బతుకుదెరువు కోసం సొంతంగా పని చేసుకునేవాళ్లకు మినహాయింపు ఉంది గానీ, కంపెనీ లాయర్ ముందు పట్టుకునేది ఆ బిల్లునే.

మా అమ్మాయి మెషీన్ బోర్డు మార్చిన మూడు వారాలకు స్క్రీన్ మళ్లీ మిణికింది. ఈసారి రిపేరుకు ఇవ్వలేదు. మూడు జాబ్‌షీట్లు, వీడియోలు, బిల్లు జత చేసి, రిపేరు వద్దు, మార్చి ఇవ్వండి లేదా డబ్బు ఇవ్వండి, 15 రోజులు చూసి కమిషన్‌కు వెళ్తాం అని కంపెనీకి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్ట్ రెండూ పంపాం. 1915లో ఫిర్యాదు నంబరు కూడా అందులో రాశాం. పన్నెండో రోజు ఫోన్ వచ్చింది. జనవరిలో అదే మోడల్ కొత్త పెట్టెలో వచ్చింది, అల్‌హందులిల్లా. వారంటీ మాత్రం పాత బిల్లు తేదీ నుంచే లెక్క, అంటే మిగిలింది ఏడు నెలలు. పెట్టె విప్పేటప్పుడు ఖాలా ఫోన్‌లో వీడియో తీస్తూ కూర్చుంది.