కడప కైఫీయత్తుల వెబ్‌సైట్: డాక్యుమెంటేషన్‌కు తగిన ఫార్మాట్ ఎంపిక

1. ఉపోద్ఘాతం:

కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) దక్షిణ భారతంలో సేకరింపజేసిన స్థానిక చరిత్రలే కైఫీయత్తులు. ఊరి పుట్టుక, చెరువులు, దేవాలయాలు, ఇనాములు, శాసనాలు మొదలైన విషయాలు వీటిలో కనిపిస్తాయి. వాననే నమ్ముకున్న రాయలసీమలో ఏ చెరువును ఎవరు కట్టించారన్నది కూడా చరిత్రే. ఈ స్థానిక చరిత్రలకు సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించారు. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా ప్రచురించింది.

ఇటువంటి పాఠాలను ఎవరైనా చదివి, సరిదిద్ది, తిరిగి వాడుకోగల ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుగా వెబ్‌సైట్‌లో నిలపాలనుకుంటే మొదట తేల్చుకోవలసింది సైటు రూపురేఖలు కాదు. పాఠాన్ని ఏ ఫార్మాట్‌లో రాసి భద్రపరచాలన్న విషయం. ఆ ఎంపికకు ప్రాతిపదికలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. మూలరూపం - దర్శనరూపం:

పాఠకునికి తెరపై కనిపించేది దర్శనరూపం. సంపాదకుడు రాసి దాచేది మూలరూపం. వెబ్‌పేజీ, పీడీఎఫ్, అచ్చుప్రతి మూడూ ఒకే మూలరూపం నుండి వెలువడవచ్చు. ఈ భేదాన్ని విస్మరిస్తే కలిగే నష్టం తెలుగు పరిశోధకులకు కొత్త కాదు. యూనికోడేతర ఫాంట్లలో డీటీపీ చేసిన పాఠం, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది. వెతికినా పదం దొరకదు. ఈ వ్యాసకర్త తన సిద్ధాంత గ్రంథంలోని కొన్ని అధ్యాయాలను ఈ కారణంగానే మళ్లీ టైపు చేయవలసి వచ్చింది. యూనికోడ్ 1991 నాటి తొలి ప్రమాణంలోనే తెలుగు లిపి ఉంది. అరసున్నకూ, బండి 'ఱ'కూ అందులో స్థానం ఉంది. కాబట్టి ఏ ఫార్మాట్ ఎంచుకున్నా యూనికోడ్ తొలి నియమం కావాలి.

3. ప్రధాన ఫార్మాట్లు:

మార్క్‌డౌన్: 2004లో జాన్ గ్రూబర్ దీన్ని వెలువరించారు. సాదా పాఠంలోనే శీర్షికలకు, జాబితాలకు చిన్న గుర్తులు పెడితే చాలు. కర్నూలులోని డిగ్రీ విద్యార్థి సైతం ఒక పూటలో నేర్చుకోగలడు. అయితే పాఠభేదాన్ని, శిథిలభాగాన్ని, స్థలనామాన్ని వేరువేరుగా గుర్తించే ఏర్పాటు ఇందులో లేదు.

రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్: పైథాన్ భాష తన డాక్యుమెంటేషన్‌ను లేటెక్ నుండి 2008 నాటికి దీనిలోకి మార్చుకున్నది. పరస్పర సూచికలకు, పదసూచికి అనువైనది. నేర్చుకోవడం మార్క్‌డౌన్ కంటే కొంత కష్టం.

వికీ పాఠం: తెలుగు వికీసోర్స్‌లో పుట చిత్రం, టైపు చేసిన పాఠం పక్కపక్కనే ఉంటాయి. అచ్చుదోషాలు దిద్దడానికి ఇది ఎంతో ఉపకరిస్తుంది. కానీ వికీ మూసలపై ఆధారపడిన పాఠాన్ని వేరొక సైటుకు తరలించడం శ్రమతో కూడిన పని.

టీఈఐ: మానవీయ శాస్త్రాల పాఠాల కోసం 1987లో మొదలైన కృషి ఫలితం. పాఠభేదాలు, వ్యక్తినామాలు, స్థలనామాలు, చదవడానికి వీలుకాని అక్షరాలు వంటివాటికి నిర్దిష్టమైన గుర్తులున్నాయి. శిక్షణ లేనివారు నేరుగా రాయలేకపోవడం దీని పరిమితి.

4. ఎంపికకు గీటురాయి:

ఒక కైఫీయత్తులో 'కందనవోలు' అని ఉందనుకుందాం. 'కర్నూలు' అని వెతికే పరిశోధకునికి ఆ పుట సాదా మార్క్‌డౌన్‌లో దొరకదు. టీఈఐలో మూలంలోని పేరును మార్చకుండానే దాన్ని నేటి ఊరితో ముడిపెట్టవచ్చు.

పాఠభేదాల విషయంలో బ్రౌన్ మార్గమే మనకు ఆదర్శం. వేమన పద్యాల కోసం ఆయన అనేక రాతప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి, 1829లో ప్రచురించారు. ఒక ప్రతిని మాత్రమే నమ్మి తక్కిన పాఠాలను వదిలివేస్తే భావి పరిశోధకునికి ప్రశ్నించే అవకాశం ఉండదు. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరాన్ని మార్చారో నమోదు చేసే గిట్ వంటి సాధనం సాదా పాఠరూపాలతోనే చక్కగా పనిచేస్తుంది. వర్డ్ ఫైలులో, పీడీఎఫ్‌లో ఈ మార్పుల చరిత్రను అంత స్పష్టంగా చూడలేము.

అయితే శాస్త్రీయత ఒక్కటే కొలమానం కాదు. ఊరి చెరువు పేరు, పొలం పేరు సరిగా తెలిసినవారు ఆ ఊరివారే. ఫార్మాట్ కష్టమై వారు దూరమైతే పాఠం గుర్తులతో నిండినా తప్పులతోనే మిగులుతుంది.

5. ముగింపు:

కాబట్టి రెండంచెల విధానం సముచితం. పరిచయాలు, సంపాదన నియమాలు, సహాయ పుటలు మార్క్‌డౌన్‌లో ఉండాలి. విద్యార్థులు, గ్రామస్థులు తమ సవరణలను కూడా అందులోనే పంపాలి. పరిష్కృత పాఠాన్ని మాత్రం తెలుగు సంపాదకులు టీఈఐలో భద్రపరచాలి. దాని నుండే వెబ్‌పేజీ తయారుకావాలి. పని మొదలుకాకముందే పది పుటల నమూనాపై ఈ విధానాన్ని పరీక్షించడం మేలు. వేల పుటలు టైపు చేసిన తరువాత ఫార్మాట్ మార్చడమంటే పని మళ్లీ మొదలుపెట్టడమే. వెబ్‌సైట్ రూపం కొన్నేళ్లకొకసారి మారుతుంది. మూలరూపం సరిగా ఉంటే కైఫీయత్తు మాత్రం నిలుస్తుంది.